కారు కొంటే ఇల్లు ఎంత దూరం జరుగుతుంది?

విజయవాడ పటమట నుంచి ఒక పాఠకుడు వివరంగా ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 37. ఆటోనగర్‌లో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తారు, చేతికి 52 వేలు వస్తాయి. భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, ఆమె జీతం 24 వేలు. పాప నాలుగో తరగతి, బాబు యూకేజీ. ఉండేది అద్దె ఇంట్లో, నెలకు 14 వేలు. పెళ్లయిన పదకొండేళ్లలో ఇది నాలుగో ఇల్లు. వచ్చే వేసవికి ఖాళీ చేయాల్సి రావచ్చని ఓనరు ఈమధ్యే చెప్పారట. అమ్మానాన్నలు తెనాలి దగ్గర పల్లెలో ఉంటారు. నాన్నగారికి రెండేళ్ల కిందట గుండె ఆపరేషన్ జరిగింది. నెలకోసారి గుంటూరు తీసుకెళ్లి డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడున్నది 2013 మోడల్ పెట్రోల్ కారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. మూడు నెలల కిందట నాన్నగారిని డాక్టరుకు చూపించి విజయవాడ ఇంటికి తీసుకొస్తుంటే కాజ టోల్‌గేట్ దాటాక ఇంజన్ వేడెక్కి బండి ఆగిపోయింది. రాత్రి తొమ్మిదిన్నర. పక్కనుంచి లారీలు దూసుకుపోతుంటే ఆ పెద్దాయన గంటన్నర హైవే మీద నిలబడ్డారు. "నాన్న ఒక్క మాట కూడా అనలేదు. అదే నన్ను తినేస్తోంది" అని రాశారు. గత ఏడాదిలో రిపేర్లకు 38 వేలు అయ్యాయి. ఇప్పుడు రేడియేటర్, క్లచ్, సస్పెన్షన్ కలిపి ఇంకో 45 వేలు అవుతుందని మెకానిక్ అంటున్నాడు.

ఈలోగా ఒక కొత్త కారు చూశారు. ఆన్‌రోడ్ పదకొండున్నర లక్షలు. మూడున్నర లక్షలు చేతి నుంచి కట్టి, ఎనిమిది లక్షలు లోన్ తీసుకోవాలని ఆలోచన. జీఎస్టీ తగ్గింది కాబట్టి ఇదే అదను అని షోరూంవాళ్లు చెబుతున్నారు. అయితే ఇంట్లో ఉన్న డబ్బంతా కానూరు, పోరంకి వైపు ఒక ఫ్లాటు కోసం దాచినది: ఏడు లక్షల ఎఫ్‌డీ, నెలకు పది వేల ఆర్‌డీ, ఐదు లక్షల చీటీ. నలభై నెలల చీటీలో 26 నెలలు కట్టారు, ఇంకా పాట పాడలేదు. వాళ్లు అనుకుంటున్న ఫ్లాటు ధర 55 లక్షలు. కారు మాట ఎత్తగానే భార్య, "కారు నీ పరువు కోసం, ఇల్లు పిల్లల కోసం" అన్నారు. అప్పటి నుంచి ఇద్దరూ డబ్బు సంగతి మాట్లాడుకోవడం లేదు. ఉత్తరం చివర ఇంకో విషయం ఉంది. ఆమెకు చెప్పకుండా షోరూంలో పది వేలు బుకింగ్ కట్టేశారు. నెలాఖరులోగా తేల్చమని అక్కడి నుంచి ఫోన్లు వస్తున్నాయి. హైదరాబాద్‌లో ఉండే తమ్ముడు కొత్త కారు కొన్న సంగతి కూడా అదే పేరాలో రాశారు.

"కారు ముందా, ఇల్లు ముందా? ఒక్క మాటలో చెప్పండి" అని అడిగారు.

ఒక్క మాటలో తేలే విషయం కాదండీ ఇది. మీ ఉత్తరంలో మూడు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. నాన్నగారిని నమ్మకంగా తీసుకెళ్లే బండి కావాలి. సొంత ఇల్లు కావాలి. ఆ రాత్రి రోడ్డు మీద మీకు కలిగిన బాధ తీరాలి. కొత్త కారు మొదటిదాన్ని తీరుస్తుంది. రెండోదాన్ని వెనక్కి నెడుతుంది. మూడోదాన్ని తీరుస్తుందని నాకు అనిపించడం లేదు. అందుకే ముందు ఆ రాత్రి గురించే మాట్లాడతాను.

మీరు నాన్నగారిని నిర్లక్ష్యం చేసిన కొడుకు కాదు. సెలవు పెట్టి, ఊరికి వెళ్లి, ఆయన్ను గుంటూరు తీసుకెళ్లి, మందులు కొని, నాలుగు రోజులు దగ్గర ఉంచుకోవాలని ఇంటికి తెస్తున్నారు. దారిలో బండి ఆగిపోయింది. అది బండి తప్పు. ఆయన మౌనంగా ఉన్నారంటే మిమ్మల్ని తప్పు పడుతున్నారని మీరు అనుకుంటున్నారు. ఆయన్ను అడిగారా? అడగలేదనే నాకు తోస్తోంది, ఎందుకంటే ఉత్తరంలో నాన్నగారి మాట ఒక్కటీ లేదు. ఈసారి ఊరెళ్లినప్పుడు నేరుగా అడగండి: "నాన్నా, నెలనెలా గుంటూరు వెళ్లడానికి నీకు ఎలా అయితే సుఖంగా ఉంటుంది?" ముందు సీట్లో కూర్చోవడమే కావాలంటారో, పగటిపూట వెళ్లి చీకటి పడకముందే ఇంటికి చేరితే చాలంటారో, తెనాలిలోనే చూపించుకునే వీలుందా అంటారో, మనకు తెలియదు. ఆయన కోసం పదకొండున్నర లక్షలు ఖర్చు పెట్టబోతున్నాం కాబట్టి ఆయన్ను అడగడం న్యాయం.

ఇంకొకటి. రాత్రివేళ నాన్నగారికి నిజంగా ఛాతీలో నొప్పి వస్తే, కారు కొత్తదైనా మీరు విజయవాడ నుంచి బయల్దేరి ఆ పల్లెకు చేరేదాకా ఆగకూడదు. 108కి ఫోన్ చేయాలి. దాంట్లో ఆక్సిజన్ ఉంటుంది, దారిలోనే చూసే మనిషి ఉంటాడు. ఆ నంబరు, దగ్గర్లోని ఆస్పత్రి పేరు, వాడుతున్న మందుల చీటీ అమ్మగారి ఫోన్ పక్కన పెట్టి రండి. మీ భయంలో పెద్ద భాగానికి కారుతో సంబంధం లేదని దీంతో తెలుస్తుంది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. మీరు అకౌంట్స్ మనిషి, అంకెలు మీకు కొత్త కాదు. కానీ మన ఇంటి లెక్క వేసేటప్పుడు మనందరికీ చేయి ఆగుతుంది.

ఇద్దరి జీతాలు కలిపి 76 వేలు. అద్దె 14 వేలు, చీటీ 12,500, ఆర్‌డీ 10 వేలు. డివిడెండ్ వల్ల చీటీ ఒక్కో నెల తగ్గుతుంది గానీ లెక్కకు పూర్తిగానే వేసుకుందాం. మిగిలిన 39,500తో ఇల్లు, స్కూలు ఫీజులు, పెట్రోలు, అమ్మానాన్నలకు పంపేది, రిపేర్లు అన్నీ నడుస్తున్నాయి. అంటే నెలకు 22,500 పొదుపు చేస్తున్నారు. ఈ జీతాలతో, ఇద్దరు పిల్లలతో ఇది చిన్న సంగతి కాదు. దీని వెనక మీ ఇద్దరి కష్టం ఉంది.

ఎనిమిది లక్షల కారు లోన్ తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 16,800. ఐదేళ్లలో కట్టేది పది లక్షల పైచిలుకు, అందులో వడ్డీ రెండు లక్షలు. మీ 22,500 పొదుపులోంచి ఇది తీస్తే మిగిలేది 5,700. కానీ చీటీ మధ్యలో ఆపలేరు, దానికి 12,500 కావాలి. అంటే ఆర్‌డీ పూర్తిగా మానేసినా, చీటీ అయ్యేదాకా పద్నాలుగు నెలలు ప్రతి నెలా ఇంకో 6,800 ఎక్కడి నుంచో తేవాలి. ఎఫ్‌డీలో మిగిలిన మూడున్నర లక్షల నుంచే తీస్తారు. షోరూంవాళ్లు ఏడేళ్ల లోన్ చెప్పి ఈఎంఐ 13 వేలకు దించుతారు. అప్పుడు వడ్డీ మూడు లక్షల దగ్గరికి వెళ్తుంది.

ఇది చేతి డబ్బు లెక్క. దీనికంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది, దాన్ని చాలామంది ఇంటి లోన్ కోసం బ్యాంకులో కూర్చున్న రోజున గానీ తెలుసుకోరు. బ్యాంకు మీకు ఎంత ఇవ్వాలో తేల్చేటప్పుడు మీ ఆదాయంలో దాదాపు సగం వరకు ఈఎంఐలకు పోవచ్చని లెక్కేస్తుంది. బ్యాంకును బట్టి కొంచెం అటూఇటూ ఉంటుంది. మీ 76 వేలలో సగం 38 వేలు. ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల లోన్ అయితే లక్షకు ఈఎంఐ సుమారు 868 రూపాయలు. అంటే మీకు దాదాపు 43 లక్షల 80 వేల వరకు ఇంటి లోన్ రావచ్చు. ఇప్పుడు ఆ 38 వేలలోంచి కారు ఈఎంఐ 16,800 తీసేయండి. మిగిలేది 21,200. దానికి వచ్చే లోన్ 24 లక్షల చిల్లర. కారు కోసం మీరు తీసుకునేది ఎనిమిది లక్షలు, దాని వల్ల ఇంటి లోన్‌లో తగ్గేది 19 లక్షలు.

మీ భార్య జీతం గురించి కూడా ముందే చూసుకోండి. కొన్ని ప్రైవేటు స్కూళ్లలో జీతం కొంత బ్యాంకులో, కొంత చేతికి ఇస్తారు. బ్యాంకులో పడని డబ్బును లోన్ ఇచ్చేవాళ్లు లెక్కలోకి తీసుకోరు. ఆమెది అసలు లెక్కలోకే రాకపోతే మీ ఒక్కరి 52 వేలకు వచ్చేది 30 లక్షలు. దాంట్లో కారు ఈఎంఐ కూడా ఉంటే 10 లక్షల 60 వేలు. ఆ డబ్బుకు మీరు చూస్తున్న వైపు ఫ్లాటు దొరకదు. అందుకని ఆమె జీతం మొత్తం అకౌంట్లో పడేలా స్కూల్లో ఇప్పుడే మాట్లాడుకోవడం, ఆదాయపు పన్ను రిటర్న్‌లు దాఖలు చేయడం మొదలుపెట్టడం కారు కంటే, ఫ్లాటు వేట కంటే ముందు పని.

రెండేళ్ల తర్వాత మీ పరిస్థితి ఎలా ఉంటుందో కూడా చూద్దాం. కారు కొనకపోతే: ఏడు లక్షల ఎఫ్‌డీ, దాని వడ్డీ, కమిషన్ పోను చీటీ డబ్బు సుమారు 4 లక్షల 70 వేలు, ఆర్‌డీ 2 లక్షల 40 వేలు, చీటీ అయిపోయాక మిగిలే నెలల పొదుపు. అన్నీ కలిపి 16 లక్షల చుట్టూ. కారు కొంటే: ఎనిమిది లక్షల చుట్టూ, దాంతోపాటు ఇంకో మూడేళ్ల ఈఎంఐలు. అప్పటికి కారు విలువ తగ్గి ఉంటుంది. ఇన్సూరెన్స్ లెక్కల్లోనే ఏడాది దాటిన కారుకు 20 శాతం, ఐదో ఏడాదిలో 50 శాతం తీసేస్తారు. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్‌కు కట్టినది ఎలాగూ తిరిగి రాదు.

జీఎస్టీ గురించి షోరూంవాళ్లు చెప్పింది సగం నిజం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై పన్ను 28 శాతం, పైన సెస్సు ఉన్నది కాస్తా 18 శాతానికి తగ్గింది. కానీ అది పండగ ఆఫర్ కాదు, నెలాఖరుకు అయిపోదు. ప్రభుత్వం మార్చేదాకా అదే రేటు. ఆ కారణంతో తొందరపడాల్సిన అవసరం లేదు.

ఇంతవరకు చదివి మీ భార్య మాటే నెగ్గిందని అనుకోకండి. ఆమె అనుకుంటున్న లెక్కలోనూ ఒక చిక్కు ఉంది. 55 లక్షల ఫ్లాటుకు బ్యాంకు ఇచ్చేది 80 శాతం, అంటే 44 లక్షలు. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు లోన్‌లకు రిజర్వు బ్యాంకు పెట్టిన హద్దు అది. మిగతా 11 లక్షలు మీవి. పూర్తి ధరకు రిజిస్ట్రేషన్ అనుకుంటే మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అది ఇంకో నాలుగు లక్షల పైనే. దీనికి బ్యాంకు లోన్ ఇవ్వదు. కప్‌బోర్డులు, ఫ్యాన్లు, సామాను తరలింపు, చిన్నాచితకా కలిపి మరో మూడు లక్షలు అనుకోండి. చేతిలో 18 లక్షలు ఉండాలి. ఈఎంఐ 38 వేలు దాటుతుంది. మీరు ఇప్పుడు అద్దెకు, పొదుపుకు కలిపి పక్కన పెడుతున్నదే 36,500. ఒక్క నెల జీతం ఆలస్యమైనా, ఒకరికి ఆరోగ్యం బాగోకపోయినా ఊపిరాడదు. కారు కొన్నా కొనకపోయినా 55 లక్షల ఫ్లాటు ఇప్పుడు మీకు పెద్ద బరువు.

45 లక్షల లోపు అయితే లెక్క కుదురుతుంది. 36 లక్షల లోన్‌కు ఈఎంఐ 31,250. మెయింటెనెన్స్ రెండు వేలు వేసుకున్నా 36,500 లోపే. చేతి నుంచి 15 లక్షల పైచిలుకు కావాలి. అదీగాక కట్టుబడిలో ఉన్న ఫ్లాటు కొంటే, ధర 45 లక్షల లోపు, కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే స్థలం) 90 చదరపు మీటర్ల లోపు ఉంటే జీఎస్టీ ఒక శాతమే. ఆ హద్దు దాటితే ఐదు శాతం. పూర్తయి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన ఫ్లాటుకు అసలు జీఎస్టీ ఉండదు. ఇంటి లోన్ తీసుకుంటే ఆదాయపు పన్నులో బోలెడు మిగులుతుందని ఎవరైనా చెబితే మీరు లెక్కలోకి తీసుకోవద్దు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి కట్టాల్సిందే లేదు, మీ ఇద్దరి జీతాలూ ఆ లోపే. మిగలడానికి అక్కడ పన్నే లేదు.

ఇక మీ ముందున్న దారులు చెబుతాను. ఏది ఎంచుకున్నా కొంత వదులుకోవాలి.

మొదటిది, ఉన్న కారును బాగు చేయించి రెండేళ్లు నడపడం. 45 వేలంటే మీ రెండు నెలల పొదుపు. కానీ డబ్బు పెట్టేముందు ఒక సంగతి తేల్చుకోండి. ఆ రాత్రి ఇంజన్ వేడెక్కినప్పుడు హెడ్ గ్యాస్‌కెట్ (ఇంజన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) దెబ్బతిందా? కూలెంట్ ఊరికే తగ్గిపోతోందా, సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తోందా, ఇంజన్ ఆయిల్ తెల్లగా నురగలా మారిందా చూడమనండి. మీరు పనిచేసేది ఆటోనగర్‌లో. చాలామందికి లేని వసతి మీకు గేటు బయటే ఉంది. రిపేరు చేయబోయే మెకానిక్‌కు కాకుండా వేరే అతనికి డబ్బిచ్చి ఒకసారి చూపించండి. ఇంజన్ బాగుందంటే 45 వేలు పెట్టడం వృథా కాదు. ఇంజన్ విప్పాలంటే మాత్రం ఈ దారి వదిలేయండి. 2028లో బండికి పదిహేనేళ్లు నిండుతాయి. అప్పుడు ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. అందువల్ల ఈ బండి మీద రెండేళ్లకు మించి ఆశ పెట్టుకోవద్దు.

ఈ దారి ఎంచుకుంటే నాన్నగారి గుంటూరు ప్రయాణానికి ఈ బండిని వాడకండి. నెలకు ఆ ఒక్క రోజు మంచి కండిషన్‌లో ఉన్న కారు, తెలిసిన డ్రైవరు కిరాయికి పెట్టుకోండి. రోజుకు మూడు వేలనుకున్నా ఏడాదికి 36 వేలు. అది మీరు కట్టబోయే కారు ఈఎంఐలలో రెండు నెలలది. ఆ ఖర్చులో సగం మీ తమ్ముణ్ని అడగండి. ఆయన కొత్త కారు గురించి మీరు ఎందుకు రాశారో నాకు అర్థమైంది. తమ్ముడు కారులో ఊరికి వచ్చి వెళ్తే, మీరు ఆగిపోయే బండిలో నాన్నను తిప్పుతుంటే మనసు చివుక్కుమంటుంది. అది పరువు పిచ్చి కాదు, పెద్దకొడుకుగా మీకున్న బాధ. కానీ నాన్న బాధ్యత మీ ఒక్కరిదే అన్నట్టు మోస్తున్నారు. అడిగితే తమ్ముడు కాదంటాడని ముందే అనుకోవద్దు.

రెండో దారి, నాలుగైదేళ్లు వాడిన చిన్న కారు లోన్ లేకుండా కొనడం. నాలుగున్నర లక్షల బండి అనుకుంటే, పాతది అమ్మగా వచ్చే లక్ష పోను మూడున్నర లక్షలు మీ ఎఫ్‌డీ నుంచి తీయాలి. ఇల్లు దాదాపు పదిహేను నెలలు వెనక్కి వెళ్తుంది, కానీ ఈఎంఐ లేదు కాబట్టి బ్యాంకు ఇచ్చే లోన్ ఒక్క రూపాయి తగ్గదు. ఇంజన్ పాడైందని తేలినా, కిరాయి కారు మీ మనసుకు ఒప్పకపోయినా ఇదే మేలని నేను అనుకుంటాను.

అయితే మన ఊళ్లో వాడిన కారు కొనేవాళ్లు ఒక జాగ్రత్త తప్పక తీసుకోవాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. లెక్కలేనన్ని బండ్లు మునిగాయి. వాటిలో కొన్నింటిని శుభ్రం చేసి మళ్లీ అమ్మకానికి పెట్టి ఉండవచ్చు. బయటికి మెరుస్తూ కనిపిస్తాయి, వైరింగ్ మాత్రం ఏడాది రెండేళ్లకు తిరగబడుతుంది. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూడండి. మ్యాట్ ఎత్తి, సీట్ల కింద బోల్టులకు తుప్పు పట్టిందేమో చూడండి. స్టెప్నీ ఉండే గుంటలోనూ వెతకండి. కంపెనీ సర్వీస్ సెంటర్లో ఆ బండి చరిత్ర, ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఏదైనా ఉందా అడగండి. ఆర్‌సీలో ఫైనాన్స్ ఎంట్రీ, అంటే ఆ బండి మీద లోన్ ఉందన్న నమోదు ఉంటే అది తీసేసేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. పేరు మారగానే పద్నాలుగు రోజుల్లోగా ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకు మార్పించుకోండి. మీ పాత కారు మీద నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఉంటే అది బండితో పోదు, మీతోనే వస్తుంది. అమ్మేటప్పుడు ఆ కాగితం తీసుకోవడం మర్చిపోవద్దు.

మూడో దారి, మీరు చూసిన కొత్త కారే కొనడం. అది తప్పని నేను అనను. ఇల్లు ఐదారేళ్ల తర్వాతే, అప్పటికి పాప తొమ్మిదో తరగతో పదో తరగతో ఉంటుంది, ఈలోగా ఇంకో రెండు అద్దె ఇళ్లు మారాల్సి రావచ్చు అని ఇద్దరూ తెలిసి ఒప్పుకుంటే కొనుక్కోవచ్చు. కొందరికి అద్దె ఇల్లు పెద్ద బాధ కాదు. మీ ఇంట్లో మాత్రం అది బాధే అని మీ ఉత్తరమే చెబుతోంది. కొత్తదే కావాలనుకుంటే, ఇంతకంటే చిన్న బండి, రెండు మూడు లక్షలకు మించని లోన్, ఇంటి లోన్‌కు వెళ్లేముందే తీరిపోయే గడువు చూసుకోండి. లోన్ తీరితే బ్యాంకు లెక్క మళ్లీ సరవుతుంది, ఖర్చయిన డబ్బు మాత్రం రాదు.

ఏ దారి అయినా రెండు లక్షలు పక్కన పెట్టి, దాన్ని కారుకూ ఇంటికీ ముట్టుకోకండి. నాన్నగారి ఆరోగ్యం చూస్తే మీకు అది అత్యవసరం. అది తీసేస్తే రెండేళ్ల తర్వాత మీ దగ్గర 14 లక్షలే ఉంటాయి, ఇంటికి లక్ష పైచిలుకు తగ్గుతుంది. ఇంకో ఆరు నెలలు ఆగాలి, లేదా పీఎఫ్ నుంచి ఇంటి కోసం తీసుకునే వీలు చూసుకోవాలి. ఇల్లు చూడటానికి వెళ్లేటప్పుడు వానాకాలంలో వెళ్లండి. ఆ వీధిలో కిరాణా కొట్టు ఆయన్ను 2024లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడగండి. బిల్డరు చెప్పనిది ఆయన చెబుతాడు. లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), ప్లాన్ అప్రూవల్, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలో ఆ సర్వే నంబరు లేదన్న సంగతి, ఇవన్నీ మీ సొంత లాయరుతో చూపించుకోండి. అడ్వాన్స్ ఆ తర్వాతే ఇవ్వండి.

వచ్చే వేసవి ఖాళీ చేయడం గురించి: కంగారులో ఫ్లాటుకు అడ్వాన్స్ ఇవ్వకండి. పాప స్కూలుకు దగ్గరలో, ఈసారి రెండేళ్లకు తక్కువ కాకుండా అగ్రిమెంటు రాసిచ్చే ఓనరు కోసం ఇప్పటి నుంచే వెతకండి. వెయ్యి రూపాయలు ఎక్కువైనా సరే. ఇల్లు కొనేదాకా మళ్లీ సామాను సర్దాల్సిన పని లేదని మీ భార్యకు తెలిస్తే ఆమెలో సగం టెన్షన్ తగ్గుతుంది.

ఆమె అన్న మాట మీకు గుచ్చుకుంది. పరువు అనే మాట అన్యాయం, ఒప్పుకుంటాను. కానీ ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. పదకొండేళ్లలో నాలుగు ఇళ్లు మారారు. ప్రతిసారీ గిన్నెలు సర్దింది, పిల్లల టీసీలకు తిరిగింది, కొత్త ఓనరు దగ్గర మాట పడింది ఎక్కువగా ఆమే అయి ఉంటుంది. పైగా ఆ ఏడు లక్షల్లో ఆమె జీతం కూడా ఉంది. కాజ దగ్గర ఆ రాత్రి మీకు ఎలా అనిపించిందో ఆమెకు పూర్తిగా చెప్పారా? ఆమె అక్కడ లేరు. మీరు మైలేజీ, ఫీచర్లు, ఈఎంఐ చెప్పి ఉంటారు. ఆమెకు వినపడింది కారు కోరిక మాత్రమే. నాన్న రోడ్డు మీద నిలబడితే మీ కాళ్లు వణికాయన్న సంగతి ఆమె వింటే ఇంకోలా మాట్లాడేవారని నా నమ్మకం.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఆ పది వేల సంగతి చెప్పడం. షోరూంవాళ్ల ఫోను ఆమె ఎత్తకముందే మీ నోటి నుంచి వినాలి. పిల్లలు పడుకున్నాక, చేతిలో కాగితం, లెక్క ఏమీ లేకుండా చెప్పండి. "నీకు చెప్పకుండా కట్టాను, అది తప్పు" అన్నాక కారణాలు జోడించకండి. ఆమెకు కోపం వస్తుంది, రానివ్వండి. ఆ రాత్రే ఏదీ తేల్చవద్దు. మర్నాడు షోరూంకు మెయిల్ పెట్టి గడువు వాయిదా అడగండి. బుకింగ్ ఫారం వెనక క్యాన్సిలేషన్ నిబంధనలు చదవండి, ఎంత పట్టుకుంటారో అక్కడ ఉంటుంది. రద్దు చేస్తే ఫోన్లో కాకుండా రాతపూర్వకంగా చేసి, జవాబు భద్రపరచండి. అందులో రెండు మూడు వేలు పోయినా ఫర్వాలేదు. ఆ వచ్చే ఆదివారం ఇద్దరూ కూర్చుని ఈ అంకెలు మీ చేత్తో మళ్లీ వేయండి. ఆమె జీతం స్లిప్పులు, చీటీ పాస్‌బుక్, మీ పీఎఫ్ బ్యాలెన్స్ దగ్గర పెట్టుకోండి. ఆటోనగర్‌లో రెండో మెకానిక్ ఏం చెప్పాడో కూడా అప్పటికి తెలిసి ఉంటుంది.